మార్పిడి కిడ్నీ కోసం వాడే మందులన్నీ రక్తాన్ని తగ్గిస్తాయన్న ప్రచారంలో నిజమెంత?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి చేరుతున్న ఒక సందేశంలో నాలుగు మాటలున్నాయి. రోగనిరోధక శక్తిని అణచే మందులన్నీ ఎముక మజ్జను దెబ్బతీస్తాయట. మార్పిడి తర్వాత వచ్చే రక్తహీనతకు ఆ మందులే కారణమట. మోతాదు సగానికి తగ్గించి ఐరన్ టానిక్ తాగితే చాలట. హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిదట. మొదటి మాటలో కొంత నిజం ఉండడం వల్లనే మిగిలినవాటిని కూడా జనం నమ్ముతున్నారు. మూడోదాన్ని ఆచరిస్తే అమర్చిన కిడ్నీయే పోవచ్చు గనుక ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలించక తప్పదు.

"మందులన్నీ మజ్జను దెబ్బతీస్తాయి."

అజాథయోప్రిన్, మైకోఫినోలేట్‌ల విషయంలో ఇది నిజమే. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ తయారీకి ప్యూరిన్లు కావాలి. నిరోధక కణాలకు అవి అందకుండా చేయడమే ఈ మందుల పని కాబట్టి, మజ్జలో అంతే వేగంగా విభజన చెందే ఎర్ర రక్తకణాల మాతృకణాలకు కూడా కొంత దెబ్బ తగులుతుంది. టీపీఎంటీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవారిలోనూ, యూరిక్ యాసిడ్ కోసం అల్లోప్యూరినాల్ కలిపి వాడేవారిలోనూ అజాథయోప్రిన్ మామూలు మోతాదు సైతం మజ్జను తీవ్రంగా కుంగదీయగలదు. సిరోలిమస్, ఎవరోలిమస్ ఎమ్‌టార్ అనే ప్రొటీన్‌ను నిరోధిస్తాయి. వీటిని వాడేవారిలో ఒంట్లో ఐరన్ సరిపడా ఉన్నా ఎర్రకణాలు చిన్నవిగా తయారై రక్తహీనత కనిపించవచ్చు.

కానీ నేడు చాలామందికి ప్రధాన ఔషధమైన టాక్రోలిమస్, దానికి ముందు నుంచి ఉన్న సైక్లోస్పోరిన్ ఆ కోవకు చెందవు. ఇవి కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుని టి-కణాలనే నిరోధక కణాలు చురుకెక్కకుండా చూస్తాయే తప్ప సాధారణంగా మజ్జను నేరుగా అణచవు. పైగా మజ్జలో ఎర్రకణాల తయారీ మాత్రమే ఆగిపోయే ఒక జబ్బుకు సైక్లోస్పోరిన్‌నే చికిత్సగా ఇస్తారు. డైమండ్-బ్లాక్‌ఫాన్ అనే పుట్టుకతో వచ్చే రక్తహీనతకు వాడేది ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లనే. కాల్సిన్యూరిన్ మందులతో వచ్చే ఇబ్బందులు వేరు: అరుదుగా సన్నని రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడి ఎర్రకణాలు చిట్లిపోవచ్చు, ఏళ్ల తరబడి వాడకంతో కిడ్నీ కణజాలం గట్టిపడి దాని పనితనం తగ్గవచ్చు.

"రక్తహీనతకు ఆ మందులే కారణం."

ఎర్రకణాల తయారీకి ఆజ్ఞ ఇచ్చే ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోన్‌లో అత్యధిక భాగం కిడ్నీలోనే పుడుతుంది. కొత్త కిడ్నీ బాగా పనిచేస్తే ఆ హార్మోన్ తిరిగి అంది, కొన్ని నెలల్లో హిమోగ్లోబిన్ కోలుకుంటుంది. కోలుకోకపోయినా, కోలుకున్నాక మళ్లీ పడిపోయినా మొదట రావలసిన ప్రశ్న కిడ్నీ పనితీరు గురించే. ఐరన్ లోపం, శస్త్రచికిత్సలో రక్తనష్టం, ఇన్ఫెక్షన్లు, రక్తపోటుకు వాడే ఏసీఈ నిరోధకాలు, ఇన్ఫెక్షన్ల నివారణకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, వాల్‌గాన్‌సిక్లోవిర్ కూడా కారణాలు కావచ్చు. పార్వోవైరస్ బీ19 మజ్జలోని ఎర్రకణాల మాతృకణాలనే పట్టి పీడిస్తుంది. రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన ఎర్రకణాలు, దాదాపు కనిపించకుండా పోతే దాన్ని తప్పక అనుమానించాలి. రెటిక్యులోసైట్ల లెక్కా, ఎర్రకణాల సైజూ, ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెర్రిటిన్ చూడకుండా నెపం మందుల మీద వేయడం రోగికి అన్యాయం చేయడమే.

"మోతాదు సగానికి తగ్గించి టానిక్ తాగితే చాలు."

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సలహా ఇదే. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మోతాదు తగ్గించిన ఫలితం రక్తంలో కనబడడానికి వారాలు పడుతుంది. ఈలోగా శరీరం కిడ్నీని తిరస్కరించడం మొదలుపెట్టవచ్చు. తిరస్కరణతో వచ్చే వాపు, ఆ తర్వాత కుంటుపడే ఎరిత్రోపోయెటిన్ ఉత్పత్తి కలిసి, తగ్గించాలనుకున్న రక్తహీనతనే పెంచుతాయి. అప్పుడు రక్తం ఎక్కించవలసి వస్తే దాతల కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, మరో కిడ్నీ కుదరడం కష్టమవుతుంది. పార్వోవైరస్ వంటి సందర్భాల్లో వైద్యులు కూడా మోతాదు తగ్గిస్తారన్నది నిజమే, కానీ కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్‌నూ, రక్తంలో మందు స్థాయినీ గమనిస్తూ తగ్గిస్తారు. ఐరన్ లోపం తేలనివారికి టానిక్ అక్కరకు రాదు. మూలికలు కలిసినవి మరింత ప్రమాదం. ఉదాహరణకు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక టాక్రోలిమస్ స్థాయిని పడగొడుతుంది.

"హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిది."

ఇది కూడా తప్పే. కొందరిలో, ముఖ్యంగా కిడ్నీ బాగా పనిచేస్తున్న పురుషుల్లో, మార్పిడి జరిగిన తొలి రెండేళ్లలో ఎర్రకణాలు అవసరానికి మించి పెరుగుతాయి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 17 గ్రాములు దాటి అలాగే నిలిచిపోతే రక్తం చిక్కబడి, సిరల్లో గడ్డలు కట్టే ముప్పు ఉంటుంది. దీనికి చికిత్స సాధారణంగా ఏసీఈ నిరోధకాలు, లేదా వాటికి దగ్గరివైన లోసార్టాన్ వంటి మందులు. రక్తహీనత ఉన్నవారిలో హిమోగ్లోబిన్‌ను మరింత తగ్గించగల ఆ గుణమే ఇక్కడ ఔషధంగా పనికొస్తుంది. అందువల్ల అంకె పెరిగిందని సంబరపడి పరీక్షలు మానేయకుండా, 17 దాటిన రిపోర్టును వెంటనే నెఫ్రాలజిస్టుకు చూపించాలి.