చిప్పు గట్టిదే, మరి లాడ్జి రూం కార్డు సంగతేంటి?

ఏటీఎం కార్డు మీద పసుపుగా మెరిసే చిప్పు ఉంటుంది కదా, దాన్ని విప్పి లోపలి గుట్టు లాగొచ్చా అంటే లాగొచ్చు, కాకపోతే అది తిరుపతి గోవిందరాజస్వామి గుడి సందులో జేబులు కొట్టేవాడి వల్ల అయ్యే పని కాదు. పై పూతని ఘాటైన నైట్రిక్ యాసిడ్‌తో కరిగించాలి, మైక్రోస్కోప్ కింద పెట్టి వెంట్రుక కన్నా సన్నటి తీగల మీద సూదులు ఆనించాలి, ఒక్కోసారి చిప్పులోని తీగల్ని కోసి అతికే, కోట్లు పోసే అయాన్ బీమ్ మిషను కూడా కావాలి. ఇంత చేస్తే దొరికేది ఒక్క కార్డు తాళం, అంటే చిప్పులో దాచిన రహస్య సంఖ్య, ఈలోపు కార్డు పోగొట్టుకున్నాయన బ్యాంకుకి ఫోన్ కొట్టి బ్లాక్ చేయించేసుంటాడు.

చవక దారులు లేవని కాదు. 2002లో కేంబ్రిడ్జ్‌లో స్కోరోబొగటోవ్, ఆండర్సన్ అనే పరిశోధకులు పాత కెమెరా ఫ్లాష్ వెలుతురుని మైక్రోస్కోప్ గుండా చిప్పు మీద వేసి మెమరీలో బిట్టునే, అంటే 0ని 1గా, 1ని 0గా మార్చేశారు. అంతకుముందే పాల్ కోచర్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు చిప్పు తాగే కరెంటు హెచ్చుతగ్గులు చూసి తాళం పట్టేశారు. దాంతో కంపెనీలు మేలుకుని చిప్పులో వెలుతురు సెన్సర్లూ అవీ పెట్టాయి. అసలు దొంగలకి ఇంత ఓపిక ఎక్కడిది? ఫ్రాన్స్‌లో 2011లో దొరికిన ముఠా అసలు చిప్పుని పగలగొట్టనే లేదు, కొట్టేసిన కార్డుల మీద ఇంకో చిప్పు అతికించి ఏ పిన్ నొక్కినా సరే అనిపించింది.

మా భయమంతా ఒక్కటి పగిలితే అన్నీ పగిలే కార్డుల గురించి. లాడ్జి రూం కార్డుల్లోనూ వాడే మైఫేర్ క్లాసిక్ అనే చిప్పుని 2007లో పొరలు పొరలుగా అరగదీసి ఫొటోలు తీసి గుట్టుగా ఉంచిన లోపలి లెక్క బయటపెట్టారు, ఆ శ్రమ ఒక్కసారే, తర్వాత కాపీ కొట్టడానికి ల్యాబు అక్కర్లేదు. ఇదే చిప్పున్న కార్డులు వాడే సాఫ్లాక్ అనే హోటల్ తలుపు తాళాల్లో లోపం ఉందని 2024లో తేలింది, హోటల్ కార్డు ఏదైనా ఒక్కటి, గడువైపోయిందైనా సరే, చేతికొస్తే దాన్ని చదివి దొంగ కార్డులు చేసి ఆ హోటల్లో ఏ రూమైనా తెరవొచ్చని చూపించారు, ప్రపంచంలో అలాంటి తలుపులు అప్పటికి 30 లక్షల పైనే.

తిరుపతిలో జనం నగలు, డబ్బులు రూంలో పెట్టి కొండెక్కుతారు, దర్శనమయ్యి ఎప్పుడు దిగుతారో వాళ్ళకే తెలీదు. లాడ్జిలని తనిఖీ చేసే పోలీసులు రిజిస్టరు, సీసీ కెమెరాలతో ఆపకుండా రూం కార్డులో ఏ చిప్పు ఉంది, తాళం సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మార్చారు అని కూడా అడగాలి, పాతదైతే ఓనరు చేత మార్పించాలి. రాత్రి లోపల గొలుసు వేసుకోండి అని సలహా చెప్తున్నారు కొందరు, బాగానే ఉంది, మరి మనిషి క్యూలో ఉన్నప్పుడు ఆ గొలుసు వేసేదెవరు?