రాకెట్టు వెనుక ఉన్న షెడ్లు

2025 నవంబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిన రాకెట్ల తయారీ సంస్థ స్కైరూట్ వారి ఇన్ఫినిటీ క్యాంపస్‌ను చూసి గర్వపడని హైదరాబాదీ ఉండడు. సుమారు 2 లక్షల చదరపు అడుగుల ఆ ప్రాంగణంలో నెలకొక రాకెట్టును, అదీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టగల రాకెట్టును తయారుచేయవచ్చునని అప్పుడు ప్రకటించారు. ఇస్రోలో పనిచేసి వచ్చిన ఇద్దరు యువ ఇంజినీర్లు 2018లో మొదలుపెట్టిన ఈ సంస్థ, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, ప్రైవేటు రంగానికీ ఈ పని సాధ్యమేనని దేశానికి చూపించింది.

నెలకొక రాకెట్టు అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. 2024లో మన దేశం నుంచి జరిగిన కక్ష్యా ప్రయోగాలు మొత్తం అయిదు. అదే ఏడాది అమెరికాలో స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్టు ఫాల్కన్-9 ఒక్కటే 130 సార్లకు పైగా ఎగిరింది. ఆ వేగం ఒక్క ప్రాంగణం కట్టినంత మాత్రాన రాదు. వాల్వులు, నాజిళ్లు, పైపుల జోడింపులు, ఎలక్ట్రానిక్ బోర్డులు, కేబుల్ కట్టలు, వాటిని పట్టి ఉంచే ఫిక్చర్లు వేళకు, ఒకే నాణ్యతతో, ప్రతి నెలా వస్తూ ఉంటేనే రాకెట్టు ప్రతి నెలా సిద్ధమవుతుంది. అవి ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఆ ప్రాంగణంలో కన్నా బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లోని చిన్న షెడ్లలోనే ఎక్కువగా దొరుకుతుందని మేము నమ్ముతున్నాం.

ఈ నగరానికి అంతరిక్షం కొత్త కాదు. 1973లో ఏర్పడిన ప్రభుత్వ రంగ లోహ సంస్థ మిధాని రాకెట్టు మోటారు కేసింగులకు కావలసిన, చాలా దృఢమైన మారేజింగ్ ఉక్కును కంచన్‌బాగ్‌లో కరిగించి పోసింది. చంద్రయాన్-1తో మాట్లాడిన 32 మీటర్ల యాంటెన్నా బెంగళూరు దగ్గరి బ్యాలాలులో నిలబడి ఉన్నా, దాన్ని తయారుచేసింది మన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. ఇస్రో రాకెట్లను నడిపే వికాస్ ఇంజన్ల వెనుక నగరానికి చెందిన ఎంటార్ సంస్థ పనితనం ఉంది. అనంత్ టెక్నాలజీస్ 1992 నుంచి ఉపగ్రహాలకూ రాకెట్లకూ ఎలక్ట్రానిక్ వ్యవస్థలను అందిస్తోంది. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే జాతీయ సుదూర సంవేదన కేంద్రం బాలానగర్‌లో ఉంటే, ఆ సంకేతాలను అందుకునే యాంటెన్నాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి. ఈ సంస్థల చుట్టూ, వాటి నీడన, వందలాది చిన్న యంత్రశాలలు పెరిగాయి. ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో పని నేర్చిన టర్నర్లూ ఫిట్టర్లూ సొంతంగా ఒక లేత్ కొనుక్కుని షెడ్డు వేసుకోవడం ఈ నగరంలో రెండు తరాలుగా సాగుతున్న కథ.

ఆ షెడ్డులో జరిగే పని ఎంత కష్టమైనదో బయటివారికి అంతగా తెలియదు. టైటానియంను కోసేటప్పుడు పుట్టే వేడి ముక్కతో పాటు బయటికి పోదు, కోసే పనిముట్టులోనే నిలిచి దాని అంచును తినేస్తుంది. వేగం తగ్గిస్తే గంటలు పెరుగుతాయి, పెంచితే పనిముట్టు పోతుంది. వెంట్రుక మందంలో పదో వంతు తేడా వచ్చినా తనిఖీ అధికారి ఆ భాగాన్ని పక్కన పడేస్తాడు, అందులోని లోహం ధర యజమాని నెత్తిన పడుతుంది. ఇలాంటి పనిలో ఆరితేరిన చేతులు ఒక్క రోజులో తయారు కావు, ఒకసారి చెదిరిపోతే మళ్లీ దొరకవు.

వ్యాపారం తీరు మారడంతో ఈ షెడ్ల ముందుకు కొత్త చిక్కు వచ్చింది. ఇస్రో పని అంటే డ్రాయింగు వాళ్లదే, తరచుగా లోహమూ వాళ్లదే, తనిఖీ వాళ్లదే. షెడ్డు యజమానికి జాబ్ వర్క్ కూలి వచ్చేది. కొత్త సంస్థలకు అలా కుదరదు. వాటికి నాలుగే నాలుగు భాగాలు కావాలి, అవీ వారంలో కావాలి. పరీక్ష తర్వాత డ్రాయింగు మారుతుంది, మళ్లీ నాలుగు కావాలి. లోహమూ నాణ్యతా పత్రాలూ షెడ్డువాడే చూసుకోవాలి. అయిదు అక్షాల మీద తిరిగే యంత్రం కావాలంటే కోట్లలో అప్పు చేయాలి, ఆ అప్పుకు బ్యాంకు అడిగేది ఇంటి కాగితాలే. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని చట్టం చెబుతున్నా, కొన్నవాడి మీద ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డరు రాదన్న భయంతో నోరు విప్పనివారే ఎక్కువ. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూ.1,000 కోట్ల వెంచర్ నిధి మంచి నిర్ణయమే; అయితే అది దాదాపు 40 అంకుర సంస్థల్లో వాటా కొనడానికి ఉద్దేశించిన నిధి. వాటా అమ్మే ఆలోచనే లేని, వర్కింగ్ క్యాపిటల్ మాత్రమే అవసరమైన షెడ్డుకు అది చేరదు. ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి పొందిన సంస్థల ఆర్డరు కాగితమే హామీగా చిన్న యంత్రశాలలకు అప్పు ఇచ్చే ఏర్పాటు ఒకటి కావాలి. చిన్న పరిశ్రమల రుణాలకు ఇప్పటికే ఉన్న హామీ నిధిని ఇందుకు విస్తరిస్తే సరిపోతుంది, కొత్త సంస్థను పుట్టించనక్కరలేదు.

రెండో లోటు పరీక్షా సదుపాయాలది. స్కైరూట్ తన కలాం-1200 మోటారును 2025 ఆగస్టులో శ్రీహరికోటలోనే మండించి చూసింది. ఘన ఇంధన మోటారును నగరం పక్కన మండించడం కుదరని పని కాబట్టి అది సహజమే. కానీ రాకెట్టు కుదుపును తట్టుకుంటుందా అని ఉపగ్రహాన్ని ఊపి చూసే బల్ల, అంతరిక్షంలోని శూన్యాన్నీ ఎండ చలి మార్పులనూ ఒకేసారి కల్పించే గది, రేడియో అంతరాయాలను కొలిచే గది నగరంలోనే ఉండవచ్చు. ఇవి కొన్ని సంస్థలకు సొంతంగా ఉన్నాయి. లేనివారు బెంగళూరులోనో అహ్మదాబాద్‌లోనో వంతు కోసం వేచి ఉండాలి. పది కిలోల ఉపగ్రహం తయారుచేసిన చిన్న బృందానికి రెండు నెలల ఆలస్యమంటే రెండు నెలల జీతాలు, దాంతో పాటు ముందే మాట్లాడుకున్న ప్రయోగంలో చోటు కూడా పోయే ప్రమాదం. నమూనాలు తయారుచేసుకోవడానికి 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్‌ను తెరిచిన రాష్ట్ర ప్రభుత్వం, 2022లోనే స్పేస్‌టెక్ విధానం ప్రకటించిన రాష్ట్ర ప్రభుత్వం, గంటకింత అని రుసుము కట్టి ఎవరైనా వాడుకోగల పరీక్షా కేంద్రాన్ని కూడా కట్టాలి. అది బాలానగర్‌కో చర్లపల్లికో దగ్గరగా ఉండాలి. భూమి కేటాయింపులతో మొదలై భూమి కేటాయింపులతోనే ముగిసే పార్కులు ఈ నగరం చాలా చూసింది.

ప్రయోగ వేదికల విషయంలో కేంద్రం ముందుచూపుతోనే నడుస్తోంది. శ్రీహరికోటలో రూ.3,984.86 కోట్లతో మూడో వేదికకు 2025 జనవరిలో ఆమోదం లభించింది. శ్రీహరికోట నుంచి దక్షిణంగా వెళ్లే రాకెట్టు శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లాలి. ఆ మలుపులో చిన్న రాకెట్లు మోయగల బరువు బాగా తగ్గిపోతుంది కాబట్టి తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో కేంద్రాన్ని కడుతున్నారు. ఇది హైదరాబాద్ తయారీదారులకు నేరుగా మేలు చేసే పని.

2026 జనవరి 12న ఇస్రో రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ-సీ62 మూడో దశలో విఫలమైనప్పుడు ప్రధాన ఉపగ్రహంతో పాటు మన నగర సంస్థల చిన్న ఉపగ్రహాలు కూడా పోయాయి. అంతకు ఎనిమిది నెలల ముందు పీఎస్‌ఎల్‌వీ-సీ61 కూడా మూడో దశలోనే దెబ్బతింది. రాకెట్లు విఫలమవుతాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఏళ్ల శ్రమ నిమిషాల్లో పోగొట్టుకున్న చిన్న సంస్థకు, ఏం జరిగిందో తెలిపే నివేదికను చదివే హక్కు ఉంది. విచారణ ఫలితాలను దాచుకునే అలవాటు ఇస్రో ఒక్కటే ఉన్నప్పుడు చెల్లిందేమో, డబ్బు కట్టి చోటు కొనుక్కునే వినియోగదారులు వచ్చాక చెల్లదు. బీమా కంపెనీలు ప్రీమియం లెక్కగట్టేది కూడా ఆ నివేదికలను చూసే. పైగా 1972 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రైవేటు రాకెట్టు వల్ల పరదేశంలో నష్టం జరిగినా జవాబుదారీ భారత ప్రభుత్వమే. ఆ భారంలో సంస్థ వాటా ఎంత, ప్రభుత్వ వాటా ఎంత అన్నది చట్టం తేల్చాలి. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో వచ్చింది. 2023 అంతరిక్ష విధానం ఎంత బాగున్నా, విధానం చట్టం కాదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది నికరమైన ఆర్డరు. స్పేస్‌ఎక్స్ ఈ రోజు ఇంత పెద్దదై కనిపిస్తోంది కానీ, 2008 చివరలో నాసా 12 సరకు ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వకపోతే దాని భవిష్యత్తు ఏమయ్యేదో చెప్పలేం. అంతటి కొనుగోలుదారు లేని మరో రాకెట్టు సంస్థ వర్జిన్ ఆర్బిట్ 2023లో దివాలా తీసింది. మన దేశంలోనూ దారి పడుతోంది: భూపరిశీలనకు 12 ఉపగ్రహాల సముదాయాన్ని నిర్మించే అవకాశం 2025లో ఉపగ్రహ సంస్థ పిక్సెల్ నాయకత్వంలోని కూటమికి దక్కింది, అందులో హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ భాగస్వామి. రక్షణ శాఖ నిఘా కోసం అనుకున్న 52 ఉపగ్రహాల్లో 31 ప్రైవేటు సంస్థలే తయారుచేయాలి. ఈ ఆర్డర్లు కాగితం మీది నుంచి షెడ్డు దాకా ఎంత త్వరగా దిగుతాయన్నదే చూడాలి.

ఇక్కడ రెండు తెలుగు రాష్ట్రాలూ చేయగలిగింది చాలా ఉంది. చెరువుల ఆక్రమణలు తేల్చడానికి పాత ఉపగ్రహ చిత్రాలు వెతుక్కుంటున్న నగరం ఇది. పంట నష్టం లెక్కకు, జలాశయాల నీటిమట్టానికి, ఇసుక తవ్వకాల నిఘాకు, అడవిలో మంటలకు ఇలాంటి చిత్రాలు ఏటా కావాలి. ఒక్కో శాఖ ఒక్కోసారి టెండరు పిలిచే బదులు, అయిదేళ్లపాటు ఇంత సమాచారం ఇంత ధరకు కొంటామని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి ఒప్పందం చేసుకుంటే, ఆ ఒప్పందాన్ని చూపించి సంస్థ అప్పు తెచ్చుకోగలదు, షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వగలదు. శ్రీహరికోట అక్కడ, యంత్రశాలలు ఇక్కడ ఉన్నప్పుడు పెట్టుబడుల కోసం రెండు రాష్ట్రాలూ పోటీపడి రాయితీలు పెంచుకోవడం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు.

చివరగా చేతుల సంగతి. షెడ్లలో మారేజింగ్ ఉక్కును చూసి దాని గుణం చెప్పగల పనివారు వయసు మీరుతున్నారు. వారి పిల్లలు ఆ పనికి రావడం లేదు. వచ్చే జీతం చూస్తే వారిని తప్పుపట్టలేం. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మారుస్తోంది. నగరంలోని పారిశ్రామిక వాడలకు దగ్గరగా ఉన్న వాటిలో టైటానియం కోత, ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగు, కొలతల తనిఖీ నేర్పే ఏడాది కోర్సును ఈ విద్యా సంవత్సరమే పెట్టాలి. పాఠం చెప్పడానికి ఆ షెడ్లలోని పెద్ద మేస్త్రీలనే, డిగ్రీ అడగకుండా, గౌరవ వేతనంతో పిలవాలి.