ఆ తెల్ల కనెక్టర్ కత్తిరించకండి

ఈ వారంలో అదే మెసేజ్ నాకు ఆరోసారి వచ్చింది. మొదట కాలేజీ జూనియర్ పంపాడు, తర్వాత మా బావమరిది, నిన్న ఏకంగా అపార్ట్‌మెంట్ గ్రూపులో "మన పిల్లలకి పనికొస్తుంది" అంటూ మూడు దండాల బొమ్మలతో. "ఐఐటీ వాళ్ళు మీకు చెప్పని రహస్యం! కేవలం 5 వేలలో 15 కేజీల కంబాట్ రోబో!" అని మొదలై, ఏడు చిట్కాలు చెప్పి, "తెలిసిన ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ పంపండి" అని ముగుస్తుంది. నాలుగేళ్ళు రోబోవార్‌ల, అంటే రిమోట్ రోబోలు ఒకదాన్నొకటి కొట్టుకునే పోటీల, చుట్టూ తిరిగి, అందులో మూడేళ్ళు మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టినవాణ్ణి నేను. ఎలా గెలవాలో తెలియకపోయినా ఎలా కాలిపోతుందో బాగా తెలుసు.

రహస్యం సంగతి ముందు. ఎవరూ ఏమీ దాచలేదు. ఐఐటీ బొంబాయి టెక్‌ఫెస్ట్‌లో 60 కేజీల బాట్‌లు వేలమంది చూస్తుండగా ముక్కలవుతాయి. పిట్‌లోకి, అంటే టీములు బాట్‌లని సిద్ధం చేసుకునే చోటికి, వెళ్ళి అడిగితే ఏ మోటారో, ఏ ప్లేటో చెప్పి, "మీ దగ్గర ఒక ఎం8 బోల్టు ఉందా?" అని తిరిగి వాళ్ళే అడుగుతారు.

మొదటి చిట్కా: పాత కారు వైపర్ మోటార్లు రెండు చాలు. చాలు, నడుస్తుంది. వైపర్ మోటారు నిమిషానికి 60 చుట్లు తిరుగుతుందనుకుందాం. 15 సెంటీమీటర్ల చక్రం వేస్తే సెకనుకి అర మీటరు కూడా కదలదు. ఎదుటివాడు టీ తాగొచ్చి కొట్టొచ్చు. పైగా చాలా వైపర్ మోటార్లు ఒక వైపు తిరిగినంత వేగంగా రెండో వైపు తిరగవు. ఎదురెదురుగా బిగించిన రెండింట్లో ఒకటి ఆ రెండో వైపు తిరగాల్సిందే, కాబట్టి నేరుగా పొమ్మంటే బాట్ పక్కకి లాగుతుంది.

ఇది మెసేజ్ రాసినాయన ఎప్పుడూ చేసి చూడలేదని నాకెలా తెలుసంటే, చేసినవాళ్ళెవరూ మొదటి రోజు పొగని మర్చిపోరు. రెండో ఏడాదిలో మేం విజయవాడ ఆటోనగర్ నుంచి రెండు మోటార్లు తెచ్చి ఒకే ఇనుప ప్లేటుకి బోల్టులు బిగించాం. కుడికి తిప్పితే తిరిగింది, చప్పట్లు కొట్టాం. నేరుగా ముందుకి పొమ్మన్నాం. మోటార్లని నడిపే డ్రైవర్ బోర్డులోంచి తెల్లటి పొగ. కారులో బాడీ అంతా నెగెటివే కదా, అందుకని చాలా వైపర్ మోటార్లలో నెగెటివ్ లోపలే డొప్పకి కలిసి ఉంటుంది. మోటార్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, బాట్ నేరుగా పోవాలంటే ఒకటి ఒక వైపు, ఇంకోటి రెండో వైపు తిరగాలి. అంటే ఒక డొప్ప నెగెటివ్, రెండోది పాజిటివ్, రెండింటికీ ఒకటే ప్లేటు, ఇంకేముంది, షార్టు సర్క్యూట్. మోటారు కింద రబ్బరు షీటు, బోల్టులకి నైలాన్ బుష్‌లు వేస్తే సరిపోయేది. నలభై రూపాయల పని. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

రెండోది, ఎల్298ఎన్ డ్రైవర్. చానెల్‌కి 2 ఆంపియర్లు. బొమ్మ కారుకి బాగుంటుంది, వైపర్ మోటారుకి చాలదు. తర్వాత.

మూడో చిట్కా కోసమే ఇదంతా రాస్తున్నాను. మక్కీకి మక్కీ: "12 వోల్టుల లిపో బ్యాటరీ కొని బైక్ బ్యాటరీ ఛార్జరుతో ఛార్జ్ చేయండి. 12 వోల్టులంటే 12 వోల్టులే! తెల్ల కనెక్టర్ అనవసరం, కత్తిరించేయండి. 2,000 ఆదా!"

అయ్యా, మీరు "12 వోల్టుల లిపో" అంటున్నది మూడు లిథియం పాలిమర్ సెల్స్ ఉన్న ప్యాక్. నిండా ఎక్కినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు, మొత్తం 12.6. అక్కడితో ఆగాలి. బైక్ బ్యాటరీలోది సీసం, ఆమ్లం. దాని ఛార్జరు 14.4 దాకా తోస్తుంది, ఎందుకంటే సీసానికి అది కావాలి. 14.4ని మూడుతో భాగించండి. సెల్‌కి 4.8. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే పొర్లిపోతాయి, అంతే. నిండిన లిపోలో పోస్తే లోపల వేడి పుడుతుంది, గ్యాస్ పుడుతుంది, లోపలున్న ద్రవమేమో మండే సరుకు. ప్యాక్ పూరీలా పొంగిందంటే మర్యాదగా చెబుతోందని అర్థం.

మా హాస్టల్లో ఒక గదిలో అలాగే పొంగింది. "కొంచెమే కదా" అని దానికి టేపు చుట్టి మళ్ళీ ఛార్జింగ్‌కి పెట్టారు. అవును, టేపు. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి సగం పరుపు, ఒక కట్ట రికార్డు పుస్తకాలు, కిటికీ కర్టెన్ కాలిపోయాయి. మనుషులకేమీ కాలేదు, ఎందుకంటే అది ఆదివారం, మెస్‌లో చికెన్, గదిలో ఎవరూ మిగల్లేదు. చికెన్ లేని రోజు అయ్యుంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది. ఫెస్టుల్లో ఛార్జింగ్ బల్ల పక్కన ఇసుక బకెట్టు అలంకారానికి పెట్టరు.

ఇక ఆ తెల్ల కనెక్టర్. మూడు సెల్స్‌కి నాలుగు సన్నటి తీగలు. లిపోలకి వాడే బ్యాలెన్స్ ఛార్జరు ఒక్కో సెల్‌నీ విడిగా చూసేది వాటితోనే. అవి లేకపోతే మొత్తం 12.6 కనిపిస్తుంది, మీరు సంతోషిస్తారు, లోపల రెండు సెల్స్ 4.05 దగ్గర, ఒకటి 4.5 దగ్గర ఉండొచ్చు. అన్నిటికంటే ఘోరం, కత్తిరించమనడం. నాలుగు తీగలనీ కలిపి కత్తెర పెడితే ఆ కత్తెర బ్లేడే షార్టు సర్క్యూట్. ఛార్జింగ్ దాకా ఎందుకు, పండగ అక్కడే అయిపోతుంది. ఇంత చిన్న వాక్యంలో రెండు రకాలుగా కాలిపోయే మార్గం చెప్పడం మాత్రం నిజంగా ప్రతిభే.

నాలుగోది, ఆయుధంగా గ్రైండర్ డిస్క్. అది ఇనుము అరగదీయడానికి, ఇనుముని కొట్టడానికి కాదు. పక్కనుంచి దెబ్బ తగిలితే పగిలి ముక్కలు ఎగురుతాయి. గ్రైండర్‌కి గార్డు ఎందుకు పెట్టారో వెల్డింగ్ షాపులో ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు, కొందరు చేతి మీద మచ్చ కూడా చూపిస్తారు.

ఐదోది, రిమోట్ దండగ, ఫోన్ బ్లూటూత్‌తో నడపండి. ఫైటు మధ్యలో నాన్నగారు ఫోన్ చేస్తే? సిగ్నల్ పోతే బాట్ దానంతటదే ఆగాలన్నది ఏ నిర్వాహకులైనా ముందుగా పరీక్షించే విషయం. ఏడోది, బరువు తగ్గితే లోపల సిమెంట్ పోయాలట. 15 కేజీలు దాటకూడదన్నారు గానీ తగ్గకూడదని ఎవరన్నారు?

ఆరోది చదివి మాత్రం పగలబడి నవ్వాను: "కవచంగా వంటింటి చాపింగ్ బోర్డు". నవ్వడం అయ్యాక సిగ్గేసింది. ఇది నిజం. చెక్కది కాదు, తెల్లటి ప్లాస్టిక్ బోర్డు. చాలావరకు అవి నీళ్ళ డ్రమ్ములు చేసే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్కే. దెబ్బకి అక్రిలిక్‌లా పగిలిపోదు, గాటు పడి ఊరుకుంటుంది. స్క్రూ నేరుగా దిగుతుంది. తక్కువ బరువు రోబోల పోటీల్లో విదేశాల్లోనూ చాలామంది వాడతారు. మేం మూడో ఏడాదిలో అక్రిలిక్ షీటుకి డబ్బు పోసి, మొదటి దెబ్బకే దాన్ని చీపురుతో ఊడ్చుకున్నాం. ఈ చిట్కా అప్పుడు ఎవరైనా ఫార్వర్డ్ చేసి ఉంటే దండం పెట్టేవాణ్ణి.

5 వేలే ఉంటే ఆ డబ్బుతో 15 కేజీలది కాదు, చిన్నది కట్టండి. బ్రిటన్ పోటీల్లో యాంట్‌వెయిట్ విభాగమంటే 150 గ్రాములు, బీటిల్‌వెయిట్ 1.5 కేజీలు. ఆ సైజులో చాపింగ్ బోర్డు ముక్క, చిన్న గేర్ మోటార్లు, వేలెడంత బ్యాటరీతో పని జరుగుతుంది. రిమోట్, ఛార్జరు సీనియర్ల దగ్గర అడుక్కోండి, అందులో నామోషీ లేదు.

అదే మాట మెసేజ్ పంపిన జూనియర్‌కి రాత్రి రాశాను: "తమ్ముడూ, నా ఛార్జరు ఖాళీగానే ఉంది, వచ్చి పట్టుకెళ్ళు. ఆ కనెక్టర్ మాత్రం కత్తిరించకు."

పొద్దున్న జవాబు వచ్చింది. "అన్నా, ఒకటి ఆల్రెడీ కట్ చేశా. చిన్న మెరుపు వచ్చింది, అంతే."

"ప్యాక్ ఇప్పుడెక్కడుంది?"

"మంచం కింద. కొంచెం ఉబ్బింది, పర్లేదుగా?"

దాన్ని ఆరుబయట పెట్టి దూరంగా ఉండమన్నాను. బండి తాళాలు తీసుకుని బయల్దేరుతున్నాను.