ఒకటే రేటు, కానీ ఒకే లెక్క కాదు

డెట్ ఫండ్ల (బాండ్లలో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్ల) పన్ను మీద మీరు వేసిన వ్యాసంలో "ఇక డెట్ ఫండూ ఎఫ్‌డీ ఒకటే" అని తేల్చేశారు. సగమే నిజమండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ యూనిట్ల లాభానికి, ఎఫ్‌డీ వడ్డీకి లాగే, మీ ఆదాయాన్ని బట్టి పడే శ్లాబు రేటే; ధరల పెరుగుదల మేరకు లాభాన్ని తగ్గించి చూపే ఇండెక్సేషన్ లేదు. కానీ పన్ను ఎప్పుడు పడుతుందన్నది వేరు.

దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు పది లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేశారనుకోండి. ధాన్యానికి పన్ను లేదు గానీ దాని వడ్డీకి ఉంది: ఏటా 70,000 పైచిలుకు, చేతికి తీసుకోకపోయినా ఆదాయంలో కలుస్తుంది. ఫండ్‌లో అయితే యూనిట్లు అమ్మినప్పుడే, అదీ లాభం మీదే పన్ను. అదే పది లక్షలు పెట్టిన ఫండ్ కూడా 7 శాతమే పెరిగిందనుకుని, ఏడాది తర్వాత 70,000 వెనక్కి తీస్తే అందులో లాభం సుమారు 4,580 మాత్రమే. మిగతాది అసలు. తర్వాతి ఏళ్లలో లాభం వాటా పెరుగుతుంది. పైగా ఫండ్ రాబడికి హామీ లేదు. వడ్డీ రేట్లు పెరిగితే దీర్ఘకాలిక బాండ్ల ఫండ్ విలువ తగ్గుతుంది, అందుకే తొలకరి పెట్టుబడికి కావాల్సిన సొమ్ము అందులో వేయకండి.

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు లెక్క తిరగబడుతుంది. విదేశీ సంపాదనతో ఇక్కడి బ్యాంకులో వేసుకునే ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ వడ్డీకి ఇక్కడ పన్నే లేదు, ఫండ్ లాభంలో మాత్రం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. ఆ డిపాజిట్ విరిచి డెట్ ఫండ్‌లో పెట్టమంటే దయచేసి ఒప్పుకోకండి.