రోజుకు 5,000 పరీక్షల ల్యాబ్: లెక్క ఎక్కడ తప్పుతుంది?

2020 జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో దేశంలోనే తొలి కొవిడ్ కేసు బయటపడింది. ఆ రోజుల్లో నిర్ధారణ కావాలంటే పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ మీదే ఆధారపడాలి. జూన్ చివరి వారానికల్లా కొవిడ్ పరీక్షలు చేసే ల్యాబ్‌లు దేశవ్యాప్తంగా 1,000కి చేరాయి. ఐదు నెలల్లో ఇంత విస్తరణ చిన్న విషయమేమీ కాదు. సరిగ్గా అదే సమయంలో హైదరాబాద్‌లో పేరుకుపోయిన శాంపిళ్లు తేలేదాకా కొత్తవి తీసుకోవడం తాత్కాలికంగా ఆపేశారు. ల్యాబ్‌లు పెరుగుతుంటే రిపోర్టులు ఎందుకు ఆగాయి?

పెద్ద ల్యాబ్ అనగానే ఫైలులో ముందు కనిపించేది మెషీన్ పేరు, దాని ధర, రోజుకు ఎన్ని పరీక్షలు చేస్తుందన్న అంకె. ప్రారంభోత్సవ ఫొటోలోనూ అదే ఉంటుంది. నిజానికి ల్యాబ్ సామర్థ్యాన్ని నిర్ణయించేది వైరస్ జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పీసీఆర్ మెషీన్ కాదు, దానికంటే చాలా ముందు ఉండే రెండు బల్లలు. ట్యూబును నమోదు చేసేది ఒకటి, మూత తెరిచేది ఇంకొకటి. కాగితం మీద లెక్కేస్తే ఐదు నిమిషాల్లో తేలే సంగతే ఇది.

రోజుకు 5,000 శాంపిళ్లనుకుందాం. ఒక ప్లేటులో 96 గుంటలుంటాయి. పరీక్ష సరిగా నడిచిందో లేదో చూడటానికి ఫలితం ముందే తెలిసిన నమూనాలు పెడతారు, వాటినే కంట్రోళ్లు అంటారు. పాజిటివ్ కంట్రోల్‌కు ఒకటి, నెగెటివ్ కంట్రోల్‌కు ఒకటి పోగా మిగిలేవి 94. అంటే 54 ప్లేట్లు. ఎక్కించడం, దించడం కలిపి ఒక్కో రన్‌కు రెండు గంటలు పట్టినా, 16 గంటల పనిదినంలో ఒక మెషీన్ 8 ప్లేట్లు పూర్తి చేస్తుంది. ఏడు మెషీన్లు సరిపోతాయి, మరమ్మతుల కోసం ఇంకో రెండు ఉంచుకుంటే నిశ్చింత. శాంపిల్‌లోంచి వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ తీసే పనికి మ్యాగ్నెటిక్ బీడ్స్‌తో (అయస్కాంత పూసలతో) నడిచే 96 గుంటల ఆటోమేటిక్ యంత్రాలు నాలుగైదు చాలు. అదే పనిని స్పిన్ కాలమ్‌లతో (చిన్న వడపోత గొట్టాలతో) చేతితో చేయిస్తే, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కూడా ఒక షిఫ్టులో నూరు దాటించడం కష్టం. 5,000కు యాభై మంది కావాలి.

ఇక ముందు బల్ల సంగతి. ట్యూబు మీది పేరు, ఫారంలోని పేరు, ఫోన్ నంబరు సరిచూసి కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒక్కోదానికి రెండే నిమిషాలనుకున్నా మొత్తం 10,000 నిమిషాలు, అంటే 166 గంటల పైమాటే. ఎనిమిది గంటల షిఫ్టులో ఊపిరాడకుండా టైపు చేసే 21 మంది కావాలి. ఏడు మెషీన్ల ల్యాబ్‌కు 21 మంది డేటా ఎంట్రీ ఆపరేటర్లు! ఏ ప్రతిపాదనలోనూ ఇంతమందిని అడగరు. ఇద్దరినో ముగ్గురినో అవుట్‌సోర్సింగ్‌లో ఇస్తారు. చీకటి పడేసరికి ఫ్రిజ్ నిండా ట్యూబులు, లోపల ఖాళీగా మెషీన్.

దీనికి పరిష్కారం ల్యాబ్‌లో దొరకదు, శాంపిల్ తీసే చోట ఉంటుంది. స్వాబ్ తీసేటప్పుడే వివరాలు ఆర్టీపీసీఆర్ యాప్‌లో నమోదై, ఆ నంబరు బార్‌కోడ్‌గా ట్యూబు మీదికి వస్తే, ల్యాబ్ గుమ్మంలో స్కాన్ చేయడానికి 15 సెకన్లు చాలు. అప్పుడు అంతా కలిపి 21 గంటల పని, ముగ్గురు మనుషులు. మన దగ్గర యాప్ వచ్చింది, ఒక్కో శాంపిల్‌కు ఇచ్చే నంబరు, స్పెసిమెన్ రిఫరల్ ఫారం ఐడీ, వచ్చింది. ట్యూబు మీద మాత్రం చాలాచోట్ల మార్కర్ పెన్ రాతే మిగిలింది. స్పిరిట్ చెయ్యి తగిలితే ఆ రాత కాస్తా చెరిగిపోతుంది.

మూత తెరిచే బల్ల ఇంకా సున్నితం. వైరస్ గాల్లోకి రాకుండా ఆపే రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్ దగ్గర కూర్చుని మూత తీసి, పిపెట్‌తో 200 మైక్రోలీటర్ల ద్రవం లాగి, ప్లేటులో సరైన గుంటలో వదిలి, మళ్లీ మూత పెట్టాలి. ఒక్కోదానికి 40 సెకన్లు పట్టినా 5,000కు 55 గంటలు. పీపీఈ కిట్‌లో ఏకబిగిన నాలుగు గంటలకు మించి ఎవరూ నికరంగా పనిచేయలేరు కాబట్టి కనీసం 14 మంది కావాలి. చెడిపోయే పనులన్నీ ఇక్కడే. స్వాబ్ పుల్లను గాటు దగ్గర విరవకుండా వేస్తే మూత పూర్తిగా బిగుసుకోదు, దారిలోనే ద్రవం కారుతుంది. విరిచినా ఒక్కోసారి పుల్ల మూతకు అతుక్కుని పైకి లేచి, తటాలున జారి పక్క గుంటల మీద తుంపర చిలుకుతుంది. చిక్కటి చీమిడి పిపెట్ మొనకు అడ్డంపడితే 200 బదులు 50 మైక్రోలీటర్లే వస్తుంది. మనిషి కణాల నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏస్-పీ జన్యువు సంకేతం ఆలస్యంగా కనబడితేనో, అసలు కనబడకపోతేనో ఈ లోపం బయటపడుతుంది. ఆ సంకేతం చూడకుండా నెగెటివ్ అని రాసేస్తే అది రిపోర్టు కాదు, ఊహ.

టెండర్‌లో ట్యూబు కొలత ఒక్కటే ఉండాలని రాయడం ఎవరికీ పెద్ద పనిగా తోచదు. ఒక సరఫరాదారు 15 మిల్లీలీటర్ల పొడవాటి ట్యూబు, ఇంకొకరు పొట్టిది, మరొకరు వేరే మూతది ఇస్తే, కోట్లు పోసి కొన్న ఆటోమేటిక్ పిపెట్టింగ్ యంత్రానికి వాటిని పట్టుకునే ర్యాకే ఉండదు. మళ్లీ చేతి పనే గతి.

గదుల అమరికలో రాజీ పడకూడదు. మాస్టర్‌మిక్స్ (పీసీఆర్ రసాయనాల మిశ్రమం) కలిపే గదిలో గాలి పీడనం బయటికంటే ఎక్కువ, శాంపిల్ తెరిచే గదిలో తక్కువ ఉండాలి. తిరుమల క్యూలైన్‌లా మనిషీ, ప్లేటూ ముందుకే వెళ్లాలి తప్ప వెనక్కి రాకూడదు. రన్ అయిపోయిన ప్లేటు సీలు ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. అందులో లక్ష్య జన్యువు నకళ్లు వందల కోట్లలో ఉంటాయి, ఒక్క తుంపర గాల్లో కలిసినా వారాలపాటు నెగెటివ్ కంట్రోళ్లు పాజిటివ్ చూపిస్తాయి. పాజిటివ్ కంట్రోల్‌ను శుభ్రమైన గదిలోకి అసలు తేకుండా, అన్నిటికంటే చివర్న వేయాలి.

ఈ జాగ్రత్త చిన్న ల్యాబ్‌లకే అనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ రాష్ట్రాలకు పంపిన తొలి కిట్లలో వైరస్ లేని కంట్రోలే పాజిటివ్ చూపించింది. కిట్‌లోని ఎన్1 అనే భాగంలో కృత్రిమ జన్యు పదార్థం కలిసిందనీ, ఎన్3 అనే భాగానికి డిజైన్‌లోనే లోపం ఉందనీ సీడీసీ శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. ఆ పొరపాటుకు అమెరికా చెల్లించిన మూల్యం కొన్ని విలువైన వారాలు.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో జరిగిన తప్పు బ్రిటన్‌ది. వుల్వర్‌హాంప్టన్‌లోని ఇమెన్సా ల్యాబ్ 2021 సెప్టెంబర్ 8 నుంచి అక్టోబర్ 12 వరకు ఇచ్చిన ఫలితాల్లో సుమారు 43,000 మందికి తప్పుగా నెగెటివ్ వచ్చి ఉండవచ్చని అక్కడి ఆరోగ్య సంస్థ మొదట అంచనా వేసింది. పాజిటివ్, నెగెటివ్‌లను విడదీసే హద్దును సిబ్బంది తప్పుగా పెట్టడమే కారణమని దర్యాప్తులో తేలింది. ర్యాపిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లకు పీసీఆర్‌లో నెగెటివ్ రావడం చూసి జనానికే అనుమానం వచ్చింది. ఒక ల్యాబ్ పాజిటివిటీ పక్క ల్యాబ్‌లతో పోలిస్తే ఒక్కసారిగా పడిపోతే, అదే రోజు సాయంత్రం ఎవరో ఒకరి ఫోన్ మోగాలి. దానికి ఒక ఎక్సెల్ షీటు చాలు. మన దగ్గర ల్యాబ్‌లు నాణ్యత తనిఖీ కోసం 5 పాజిటివ్, 5 నెగెటివ్ శాంపిళ్లను పై ల్యాబ్‌కు పంపే పద్ధతి పెట్టారు. రోజుకు 5,000 చొప్పున మూడు నెలల్లో నాలుగున్నర లక్షల పరీక్షలు చేసే చోట పది శాంపిళ్ల తనిఖీ లాంఛనమే అవుతుంది.

వ్యర్థాల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వైరస్‌ను విడగొట్టే లైసిస్ బఫర్ అనే ద్రావణంలో గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. కొవిడ్ అనగానే అన్నిటి మీదా హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోసే అలవాటు పడిన చేత్తో దీని మీదా పోస్తే విషవాయువు పుడుతుంది. ఆ వ్యర్థానికి వేరే డబ్బా, వేరే రంగు లేబులు, తెలుగులో హెచ్చరిక ఉండి తీరాలి. డబ్బా మోసేది ఇంగ్లిష్ చదివే సైంటిస్టు కాదు మరి.

మరి పెద్ద ఆటోమేటిక్ మెషీన్లు దండగా? కాదు. 2020 మేలో ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి (ఎన్‌సీడీసీకి) వచ్చిన కోబాస్ 6800 యంత్రం రోజుకు 1,200 శాంపిళ్లు చేస్తుందని కేంద్రం చెప్పింది. దానివల్ల మనుషులకు వైరస్ సోకే ముప్పు తగ్గుతుంది, చేతి తప్పులు తగ్గుతాయి. కానీ అందులో ఆ కంపెనీ రీజెంట్లే (పరీక్ష రసాయనాలే) వాడాలి. ప్రపంచమంతా ఒకేసారి అడిగినప్పుడు మన వంతు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఏ కంపెనీ కిట్ అయినా నడిచే ఓపెన్ మెషీన్ల మీద మూడొంతుల సామర్థ్యం నిలబెట్టి, మూసిన వ్యవస్థను అత్యవసర శాంపిళ్లకు ఉంచుకోవడం మేలు.

రీజెంట్ల కొరతకు ఇంకో జవాబు హైదరాబాద్‌లోనే పుట్టింది. పరిశోధన సంస్థ సీసీఎంబీ రూపొందించిన డ్రై స్వాబ్ పద్ధతిలో స్వాబ్‌ను ద్రవంలో వేయకుండా పొడిగానే తెస్తారు. టీఈ బఫర్ అనే ద్రావణంలో నానబెట్టి, 98 డిగ్రీల వద్ద ఆరు నిమిషాలు వేడిచేసి నేరుగా పీసీఆర్‌కు పంపుతారు. ఆర్‌ఎన్‌ఏ తీసే అంచె మొత్తం ఎగిరిపోతుంది, కారే ద్రవమే లేదు. వైరస్ బాగా తక్కువున్న శాంపిళ్లు కొన్ని జారిపోవచ్చు, అయినా ఐదో రోజున వచ్చే అతి సున్నితమైన ఫలితం కంటే అదే రోజు వచ్చే ఈ ఫలితమే వ్యాప్తిని ఆపుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతి 2020 నవంబర్‌లో వచ్చింది, అప్పటికి మొదటి అల తగ్గుముఖం పట్టింది. ప్రత్యామ్నాయ పద్ధతులకు ముందే అనుమతులు సిద్ధంగా ఉంచుకోవాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పూలింగ్‌ను మాత్రం లెక్క చూసుకుని వాడాలి. ఐదు శాంపిళ్లు కలిపి ఒకటిగా పరీక్షించి, పాజిటివ్ వచ్చిన గుంపునే మళ్లీ విడివిడిగా చేస్తే, పాజిటివిటీ 2 శాతం ఉన్నప్పుడు వంద మందికి సుమారు 30 పరీక్షలతో పని అయిపోతుంది. 10 శాతానికి అది 61 అవుతుంది, 20 శాతానికి 87. ఆ దశలో విడివిడిగా చేయడమే త్వరగా తెములుతుంది.

2021 అక్టోబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ హెల్త్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మిషన్ కింద జిల్లాకో ఇంటిగ్రేటెడ్ పబ్లిక్ హెల్త్ ల్యాబ్ అన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో వీటిని నడిపేవాళ్లు డెంగీ, చికున్‌గన్యా, ఇన్‌ఫ్లుయెంజా శాంపిళ్లను అదే లైన్ మీద ఏడాది పొడవునా చేయిస్తేనే చేతులు మొద్దుబారవు. ఏటా ఒక రోజు వెయ్యి ఉత్తుత్తి ట్యూబులను పీహెచ్‌సీల నుంచి పంపించి, ఎస్ఎంఎస్ వచ్చేదాకా ఎన్ని గంటలు పట్టిందో కొలవాలి. దానికి వేరే బడ్జెట్ అక్కర్లేదు. ఫ్రీజర్లలో గడువు తీరబోయే కిట్లు ఎలాగూ ఉంటాయి, వాటినే వాడేయొచ్చు.