చెట్లు లేని నేలంతా ఖాళీ జాగా కాదు

2014లో ప్రకటించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నాలు ఒకసారి గుర్తు చేసుకోండి. పాలపిట్ట, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు, జింక. జింకను పక్కన పెడితే మిగతా మూడింటి కోసం దట్టమైన అడవికి పోనక్కర్లేదు. గడ్డి, ముళ్లపొదలు, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు ఉండే బీళ్లలో పుట్టి పెరిగేవే అవన్నీ. బతుకమ్మకు కోసుకొచ్చే గునుగు కూడా అక్కడిదే. పాటల్లో, పండగల్లో, జీవోల్లో వీటికి పెద్దపీట వేసుకున్నాం గానీ అవి బతికే నేలను మాత్రం ఎవరికీ పనికిరాని జాగా కింద లెక్కగడుతున్నాం. దసరా రోజు హైదరాబాద్‌లో పాలపిట్ట కనపడక, పంజరంలో పెట్టి తిప్పేవాడికి డబ్బులిచ్చి దండం పెట్టుకునే దాకా వచ్చింది పరిస్థితి (అలా బంధించడం నేరం, ఆ సంగతి చాలామందికి పట్టదు). 2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం పన్నెండేళ్లలో పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గాయి. గడ్డి నేలల్ని నమ్ముకున్న పక్షుల పరిస్థితి ఇంకా అధ్వాన్నం.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ మన కళ్ల ముందే జరిగింది. జేసీబీలు దిగాయి, నెమళ్ల అరుపుల వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. మంచిదే, ఆగాలి కూడా. కానీ అప్పుడు వాదన ఏ ప్రశ్న చుట్టూ తిరిగిందో చూడండి: అది అడవా, కాదా? కాదని ప్రభుత్వం, అవునని విద్యార్థులు. నిజానికి అక్కడున్నది బండలు, గడ్డి, పొదలు, మధ్యలో కుంటలు, కొన్నిచోట్ల చెట్లు. దక్కన్ పీఠభూమి సహజ స్వరూపమే అది. అలాంటి నేలను కాపాడుకోవడానికి దాన్ని అడవి అని నిరూపించాల్సి రావడమే నాకు మింగుడుపడని విషయం. రేపు చెట్లు ఇంకా తక్కువున్న చోటికి జేసీబీలు వస్తే ఏమని వాదిస్తాం?

మన లెక్కలన్నీ చెట్టు చుట్టూనే తిరుగుతాయి మరి. చెట్ల కొమ్మల నీడ కనీసం 10 శాతం నేల మీద పడితేనే ఫారెస్ట్ సర్వే దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది, అంతకన్నా తక్కువుంటే పొదల నేల అని విడిగా రాస్తుంది. ఇక మన బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే వృథా భూముల అట్లాస్ ఉంది. 2019 అట్లాస్ లెక్కలో దేశంలో దాదాపు 5.57 కోట్ల హెక్టార్లు వృథా భూమి. అందులో నిజంగా చెడిపోయిన నేలలూ ఉన్నాయి, కాదనను, కానీ చిక్కటి పొదల భూమి, పలుచటి పొదల భూమి అనే పద్దుల కింద ఎన్నో సహజమైన గడ్డి మైదానాలు కూడా అందులోనే పడిపోయాయి. సోలార్ పార్కుకైనా, పారిశ్రామిక వాడకైనా, అడవి పోయినచోట బదులు మొక్కలు నాటడానికైనా అధికారుల చూపు ముందు పడేది ఈ జాబితా మీదే.

దీని ఫలితం చూడాలంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు వెళ్లాలి. 1980ల్లో అక్కడ బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పదుల సంఖ్యలో కనిపించేవి. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది, ఆడది మామూలుగా నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. 1988లో ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన నేలను అభయారణ్యం చేశారు. అంత పెద్ద పక్షికి అది ఏమూలకు? అది కంచె లోపలే ఉండే పక్షి కాదు, చుట్టూ జొన్న, కొర్ర చేలల్లో కూడా తిరిగి మిడతలు ఏరుకు తినేది. సాగునీరు వచ్చింది, జొన్న పోయి పత్తి, పొద్దుతిరుగుడు వచ్చాయి, మందుల పిచికారీ పెరిగింది. మరోపక్క లోపల కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి, దాంతో రైతులకు అభయారణ్యం అంటేనే ఒళ్లు మండింది. ఆ కోపంలో తప్పేముంది? పంట నష్టాన్ని సరిగ్గా పట్టించుకోకుండా పక్షిని కాపాడమంటే ఎవరు వింటారు? ఆ తర్వాత 2017లో అదే ప్రాంతంలో గని-శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. పిట్టలు అప్పటికే దాదాపు ఖాళీ అయ్యాయి కాబట్టి నెపం దాని మీద వేయలేం, కానీ ఒకవేళ తిరిగి వచ్చినా దిగడానికి చోటు లేకుండా పోతోంది. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే, ఎక్కువగా జైసల్మేర్ వైపు. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి, ఎందుకంటే ఎగిరేటప్పుడు వాటికి ఎదురుగా ఉన్నది సరిగ్గా కనపడదు.

కడప జిల్లా లంకమల దగ్గరి కలివికోడి అనే పక్షి కథ ఇంకో రకం. 1900లో చివరిసారి కనిపించి, ఇక లేదనుకున్నాక 1986లో మళ్లీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేదు, 2025 ఆగస్టులో దాని కూత రికార్డయింది. ఆ పక్షికి పొదలు మరీ చిక్కగా ఉన్నా, మొత్తం నరికేసినా గిట్టదు, మధ్యమధ్య ఖాళీ నేల ఉండాలి. అలాంటి చోట వరసగా గుంటలు తీసి మొక్కలు నాటితే వనమహోత్సవం ఫొటో బాగానే వస్తుంది, కలివికోడి మాత్రం ఉండదు.

హరితహారం మీద నాకు కోపం లేదు. 2015లో 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకున్నారు, రోడ్ల పక్కన, ఊళ్లలో, నరికేసిన అడవుల్లో నాటారు, బాగుంది. కానీ పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి తేవాలని టార్గెట్ పెట్టుకుంటే కింది అధికారికి ముందు దొరికేది చెట్లు లేని నేలే కదా. గడ్డి కార్బన్‌లో చాలా భాగాన్ని వేళ్ల ద్వారా నేలలో దాస్తుంది, పైకి కనపడదు కాబట్టి టార్గెట్‌లో లెక్కకు రాదు.

మనకు దగ్గర్లో ఇంకా మిగిలిన గడ్డి నేల వికారాబాద్ జిల్లా ఎన్కతల. చలికాలంలో మధ్య ఆసియా నుంచి హారియర్ గద్దలు వస్తాయి, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. ఆదివారం నగరం నుంచి పెద్ద పెద్ద లెన్సులతో జనం పోతారు. చుట్టూ ఫామ్‌ల్యాండ్ వెంచర్ల బోర్డులు కూడా వస్తున్నాయి.

అలాగని అంతా కంచె వేసి మనుషుల్ని తరిమేయమనడం లేదు. ఈ నేలల్ని ఇన్నాళ్లూ తెరిపిగా ఉంచింది గొల్లకురుమల మందలే. మేత పూర్తిగా ఆపితే సర్కారు తుమ్మ కమ్ముకుంటుంది, మితిమీరితే గడ్డి వేరుతో సహా పోతుంది. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచింది. మేపడానికి భూమి ఎక్కడుందని మాత్రం అంతే గట్టిగా ఆలోచించలేదు. ఊరూరా పశువుల మేతకు వదిలిన బంచరాయి భూములు కబ్జా కాగా మిగిలినవి ఎన్నో ఇప్పుడు భూభారతి రికార్డులు సరిచేసే సమయంలోనే తేల్చవచ్చు. మేత భూమిగా, పక్షుల ఆవాసంగా నమోదు చేసి, మార్పిడి కుదరదని అక్కడే రాసి, మేత ఎప్పుడు ఎంత అనేది కాపరులతో కూర్చుని ఖరారు చేస్తే అటవీ శాఖకు కొత్తగా ఎకరం సేకరించే ఖర్చు కూడా ఉండదు. అడ్డొచ్చేది ఒక్కటే, హైదరాబాద్ చుట్టూ వంద కిలోమీటర్ల లోపు ఆ ఎకరాలకు ఇప్పుడు పలుకుతున్న ధర.