ఐసోలేషన్‌లో ఉన్న పొరుగువారు, మన విశ్వాసం

2020లో కరోనా వచ్చి చర్చిల తలుపులు మూతపడినప్పుడు విశ్వాసుల్లో రెండు రకాల మాటలు వినిపించాయి. దేవుడే కాపాడతాడు, భయపడి ఇంట్లో కూర్చోవడం అవిశ్వాసమేనని కొందరన్నారు. ఇంట్లో ఉండి ప్రార్థన చేసుకుంటే మన బాధ్యత తీరిపోయినట్టేనని మరికొందరు అనుకున్నారు. నా దృష్టిలో ఈ రెండూ పొరుగువాణ్ణి మరచిపోయిన మాటలే. మొదటివారు అతని ప్రాణం గురించి ఆలోచించలేదు, రెండోవారు అతని ఒంటరితనం గురించి ఆలోచించలేదు.

ఇది కొత్త చర్చ కాదు. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. యూనివర్సిటీని వేరే ఊరికి తరలించారు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్, ఆయన భార్య కాథరీనా మాత్రం ఊళ్లోనే ఉండిపోయి రోగులను తమ ఇంట్లోనే చూసుకున్నారు. ప్రాణాంతకమైన తెగులు వస్తే క్రైస్తవుడు పారిపోవచ్చా అని కొందరు పాస్టర్లు అడిగితే లూథర్ వివరంగా ఉత్తరం రాశారు. జాగ్రత్తలు తీసుకోకపోవడం దేవుణ్ణి శోధించడమేనని, అంటే పరీక్షకు పెట్టడమేనని అందులో గట్టిగా చెప్పారు. మందులు వాడతాను, ఇంటిని శుద్ధి చేస్తాను, నా అవసరం లేని చోటికి వెళ్లి ఇంకొకరికి రోగం అంటించను, కానీ పొరుగువాడికి నా అవసరం ఉంటే తప్పకుండా వెళ్తాను అన్నది ఆయన మాటల సారం. దూరం పాటించడాన్నీ దగ్గరికి వెళ్లడాన్నీ ఆయన ఒకే ప్రేమ నుంచి రాబట్టారు.

ఇంగ్లాండ్‌లోని ఈయమ్ గ్రామం 1666లో ఇదే చేసి చూపించింది. ప్లేగు చుట్టుపక్కల ఊళ్లకు పాకకూడదని పాస్టర్ విలియం మోంపెసన్ మాట మీద ఊరంతా తనను తాను కట్టడి చేసుకుంది. ఆరాధనలు ఆరుబయట, కుటుంబాలు ఎడంగా నిలబడి జరుపుకున్నారు. పాస్టర్ భార్య కేథరిన్ కూడా ఆ ఏడాదే ప్లేగుతో చనిపోయింది. ఈయమ్ త్యాగాన్ని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం పొలిమేర అవతలివాళ్లు కూడా అంతే ముఖ్యంగా కనిపిస్తారు. వాళ్లు సరిహద్దు దగ్గర తిండీ సరుకులూ పెట్టి వెళ్లేవారు. ఊరివాళ్లు వెనిగర్‌లో ముంచిన నాణేలు అక్కడ ఉంచేవారు. లోపలివాళ్లు బయటకు రాకుండా ఉండగలిగారంటే, బయటివాళ్లు వాళ్లను మరచిపోకపోవడం వల్లే.

ఇక మన సంగతి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనడం చాలా తేలిక. అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఆ మాట వల్ల ఒరిగేదేమీ ఉండదు. బట్టల్లేనివాడికి, తిండిలేనివాడికి ఏమీ ఇవ్వకుండా క్షేమంగా వెళ్లమంటే ఏం లాభమని బైబిల్లోని యాకోబు పత్రిక ఎప్పుడో నిలదీసింది. "రేపు మందుల షాపుకి వెళ్తున్నా, మీ చీటీ ఫోటో పంపండి" అనండి. అవతలివాళ్లకు ఒప్పుకోవడం సులువవుతుంది.

యేసు చెప్పిన మంచి సమరయుడి ఉపమానంలో, దొంగల చేతిలో దెబ్బతిని దారిలో పడి ఉన్న మనిషికి ఆ సమరయుడు గాయాలు కట్టిన ఘట్టం మీదే ఎక్కువ ప్రసంగాలు వింటాం. మరుసటి రోజు అతను రెండు దేనారాలు, అంటే దాదాపు రెండు రోజుల కూలి, పూటకూళ్లవాడికిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఐసోలేషన్‌లో అసలు కరువు ఈ రెండో రోజు దయకే. మొదటి వారం ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. మూడో వారానికి ఎవరూ ఉండరు, టెన్షన్ పెరిగేది అప్పుడే.

ఆ సమరయుడు దెబ్బతిన్నవాడి మతం అడగలేదు. అందుకే సరుకుల సంచితో పాటు మీటింగుకు రమ్మనే షరతు పెట్టడం, తీసుకునేవాళ్ల ఫోటోలు గ్రూపుల్లో పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాట ఫోన్ కెమెరాకు కూడా వర్తిస్తుంది.

సహాయం అడగడం కూడా విశ్వాసంలో భాగమే. చెరసాలలో ఉన్న అపొస్తలుడు పౌలు చలికాలం రాకముందే రమ్మని, వచ్చేటప్పుడు తన అంగీ తెమ్మని శిష్యుడు తిమోతికి సిగ్గుపడకుండా రాశాడు. ఒంటరిగా ఉన్నవాళ్లను కేవలం పుచ్చుకునేవాళ్లుగా చూడటమూ సరికాదు. గది దాటి రాలేని పెద్దావిడ ఇంకొకరికి ఫోన్ చేసి ధైర్యం చెప్పగలదు. సంఘాలు ఆ పని ఆమెకు అప్పగించాలి.

ఇందుకోసం ఇంకో మహమ్మారి దాకా ఆగనక్కర్లేదు. మంచం పట్టినవాళ్లు, వాళ్లను చూసుకుంటూ ఏళ్ల తరబడి ఇల్లు కదలనివాళ్లు ఇప్పుడు కూడా ఐసోలేషన్‌లోనే ఉన్నారు. ప్రతి సంఘం వాళ్ల పేర్లు రాసుకుని, ఎవరి బాధ్యత ఎవరిదో ఈ ఆదివారమే తేల్చుకోవచ్చు.